వేరు పొర మీది ఇనుము ప్రోటీన్‌ను మొక్క తీసేయకుండా ఆపొచ్చా?

ఉరవకొండ రైతుబిడ్డ:
మాది సున్నం పాలు ఎక్కువున్న రేగడి. చేను నాలుగు రోజులు తడిగా ఉంటే చాలు, వేరుశనగ లేతాకులు పసుపెక్కుతాయి. ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, ముదిరితే ఆకంతా తెల్లగా పాలిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడితే పైరు తిరుక్కుంటుంది గానీ, ఆ తర్వాత వచ్చే ఆకు మళ్లీ పసుపే. నేలలో ఇనుము లేక కాదు, ఉన్నది కరగక.

వేరు పైపొర కణాల ప్లాస్మా పొరలో ఐఆర్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుందని, ఇనుము లోపలికి వచ్చేది దాని గుండానేనని చదివాను. మొక్క ఆ ప్రోటీన్‌ను పొర మీద ఎక్కువసేపు ఉండనివ్వదట. కణం లోపలికి లాగి, రిక్తిక (వాక్యూల్ అనే కణంలోని పెద్ద సంచి)కు పంపి ముక్కలు చేసేస్తుందట. పైరు ఇనుముకు అల్లాడుతుంటే ఇదేం పని? జీన్ ఎడిటింగ్‌తో దీన్ని ఆపితే మన నేలలకు పనికొచ్చే రకం వస్తుందా, రాదా?

బయోటెక్ విద్యార్థి, అనంతపురం:
వస్తుందనే నా వాదన అన్నా. జన్యువును ఎంత పెంచినా లాభం లేదని 2002లోనే తేలింది. ప్రయోగాలకు వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఐఆర్‌టీ1 జన్యువు ఎప్పుడూ పనిచేసేలా మార్చారు. జన్యువు నకలైన ఆర్‌ఎన్‌ఏ తయారవుతూనే ఉంది, వేర్లలో ప్రోటీన్ మాత్రం ఇనుము కరువైనప్పుడే కనిపించింది. అంటే పగ్గాలు జన్యువు దగ్గర లేవు. తీసేయాల్సిన ప్రోటీన్‌కు కణం యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలిస్తుంది. ఆ గుర్తు అతుక్కునే లైసిన్‌లను (ప్రోటీన్‌లోని ఒక రకం అమైనో ఆమ్లాలను) మార్చేస్తే ఐఆర్‌టీ1 పొర మీదే నిలుస్తుంది.

బాటనీ లెక్చరర్, కడప:
ప్రోటీన్ నిలుస్తుంది, మొక్క నిలవదు. నువ్వు చెప్పిన మార్పు 2011లో చేసి చూశారు తమ్ముడూ. 154, 179 స్థానాల్లోని లైసిన్‌లు మార్చిన ఐఆర్‌టీ1 పెట్టిన అరబిడాప్సిస్ మొక్కలు బతికి బట్టకట్టలేదు.

ఐఆర్‌టీ1 ఇనుమును ఒక్కదాన్నే ఎంచుకోదు. జింక్, మాంగనీసు, కోబాల్ట్, ఆఖరికి విషలోహమైన కాడ్మియం కూడా దాని గుండానే వస్తాయి. ఇనుము దొరకని నేలలో ఆ ప్రోటీన్ పెరిగేకొద్దీ ఇవీ పోటెత్తుతాయి. 2018లో బయటపడిన సంగతి చూడు. కణం లోపలి వైపున్న ఐఆర్‌టీ1 భాగంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. జింక్, మాంగనీసు లాంటివి ఎక్కువైతే అక్కడ అతుక్కుంటాయి. అప్పుడు సీఐపీకే23 అనే కైనేజ్ ఎంజైమ్ ఐఆర్‌టీ1కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేట్ ఉన్నచోటికి ఐడీఎఫ్1 అనే ఎంజైమ్ వచ్చి యూబిక్విటిన్ గొలుసు కడుతుంది. ప్రోటీన్ రిక్తికకు పోతుంది. లోహాన్ని మోసే ప్రోటీనే లోపల ఎంత చేరిందో కనిపెట్టి, తనను తీసేయమని తానే చెబుతోందన్నమాట! ఇంత చక్కటి ఏర్పాటును కోసేయడానికి నాకు మనసొప్పదు. పైగా ఇది మనం తినే గింజ. అందులోకి కాడ్మియం చేరితే ఎవరు బాధ్యులు?

బయోటెక్ విద్యార్థి, అనంతపురం:
మేడం, రెండు మార్పులూ కలిపి చేయొచ్చు కదా. 103వ స్థానంలోని గ్లూటమిక్ ఆమ్లం తీసి అలనిన్ అనే మరో అమైనో ఆమ్లం పెడితే ఐఆర్‌టీ1 జింక్‌ను మోయడం మానేసిందని 2000లో చూపారు. ఏది రావాలో ప్రోటీనే ఎంచుకుంటే దాన్ని తీసేయాల్సిన అవసరం తగ్గుతుంది.

బాటనీ లెక్చరర్, కడప:
ఆ పరీక్ష ఈస్ట్ కణాల్లో జరిగింది. జింక్ ఆగింది సరే, మిగతావాటి సంగతి? ఇనుము కూడా మితిమీరితే విషమే.

సాయిల్ ల్యాబ్, తాడిపత్రి:
మీరిద్దరూ చివరి మెట్టు దగ్గర కొట్లాడుతున్నారప్పా. పీహెచ్ ఒక యూనిట్ పెరిగితే నేలలో ఫెర్రిక్ రూపంలో ఉండే ఇనుములో కరిగేది సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. వేరు ముందు ప్రోటాన్‌లు (ఆమ్లాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్‌లు) వదిలి ఇనుమును కరిగించాలి, ఫెర్రిక్‌ను ఐఆర్‌టీ1 మోయగల ఫెర్రస్ రూపంలోకి మార్చాలి, ఆ తర్వాతే ఐఆర్‌టీ1కి పని. సున్నపు నేలలో తడి ఎక్కువైతే బైకార్బొనేట్ పెరిగి ఆ ప్రోటాన్‌లను అక్కడికక్కడే మింగేస్తుంది. రైతన్న చేను తడిసినప్పుడే పసుపెక్కేది అందుకే.

మార్చాలంటే ఆ ప్రోటాన్‌లను బయటికి తోసే ప్రోటాన్ పంపును మార్చండి. అదీ ప్లాస్మా పొర ప్రోటీనే. దాని తోకే దాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. తోక చివర ఫాస్ఫేట్ చేరి, 14-3-3 అనే పేరున్న ప్రోటీన్ వచ్చి పట్టుకుంటే పంపు పనిలోకి దిగుతుంది. తీసేయడాలు, తెచ్చిపెట్టడాలు అక్కర్లేదు, ఉన్నచోటే ఆన్ అవుతుంది.

బాటనీ లెక్చరర్, కడప:
పంపు ముందు మెట్టన్నది నిజమే సార్. కానీ దాన్ని ఆగకుండా నడిపితే ఏమవుతుందో ఫ్యూసికోక్సిన్ అనే బూజు విషం చూపించింది. అది 14-3-3ను పంపుకు అతికించి వదలనివ్వదు. పంపు ఆగదు, ఆకురంధ్రాలు మూసుకోవు, మొక్క వాడిపోతుంది. అనంతపురం ఎండలో ఆకురంధ్రాలు మూసుకోని వేరుశనగను ఎవరు వేస్తారు?

వేరుశనగలో మొక్కజొన్న అంతరపంటగా వేస్తే ఈ పసుపు తగ్గిందని చైనాలో చూపారు. మొక్కజొన్న వేర్లు ఇనుమును పట్టి కరిగించే పదార్థాలు వదులుతాయి, పక్కనున్న వేరుశనగకూ అది అందుతుంది. రైతన్నా, ముందు నాలుగు సాళ్లు అలా వేసి చూడు.

ఉరవకొండ రైతుబిడ్డ:
మేము కంది సాళ్లు వేస్తాం మేడం. మొక్కజొన్నకు నీళ్లు చాలవు. బోరు కింది మడిలో అయితే వేయొచ్చు.

బయోటెక్ విద్యార్థి, అనంతపురం:
పంపును వేర్లలో మాత్రమే పెంచితే ఆకురంధ్రాల గొడవ ఉండదు మేడం. ఐఆర్‌టీ1లోనూ లైసిన్‌లన్నీ అక్కర్లేదు, ఒక్కదాన్నే మార్చి, తీసేయడం పూర్తిగా ఆగకుండా కొంచెం నెమ్మదించేలా చేయొచ్చు. ఆ మొక్కలను సున్నపు రేగడి కుండీల్లో పెంచి, గింజలో ఇనుముతో పాటు కాడ్మియం కూడా కొలవాలి. కాడ్మియం పెరిగిందని తేలేదాకా నేను ఈ వాదన వదలను.