సమస్యాపూరణం: “పూర్తియైన పనికి పూర్తి లేదు”

సమస్య ఆటవెలది నాలుగవ పాదం. స్వేచ్ఛా కంపైలరు (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు) ఏ ప్రోగ్రామింగు భాషాప్రమాణాన్ని ఎంతవరకు అమలు చేస్తున్నదో తెలిపే పత్రాలను తాజాగా ఉంచడమే విషయం.

మొదటి పూరణ

అడుగకుండ వచ్చు నా ప్రమాణము మార
పాత పుటల మాట పాడువడును
తిరిగి చదువువారు దిద్దువారును లేక
పూర్తియైన పనికి పూర్తి లేదు

విమర్శ: ఏదీ ఎంచుకోనప్పుడు కంపైలరు తనంతట వాడే డిఫాల్టు ప్రమాణాన్ని “అడుగకుండ వచ్చు” అనడం చక్కగా ఉంది. జీసీసీ అనే స్వేచ్ఛా కంపైలరులో సీ ప్లస్ ప్లస్ భాషకు డిఫాల్టు 6వ విడుదలలో 2014 ప్రమాణానికి, 11వ విడుదలలో 2017 ప్రమాణానికి మారింది. మారిన ప్రతిసారీ వాడుకపుస్తకంలోని పాత వాక్యం అబద్ధమవుతుంది. అయితే “లేక” అనడంతో నేరం మనుషుల కొరతపైకి వెళ్లి, సమస్యలోని వైరుధ్యం పలచబడింది. “దిద్దువా రున్నను” అంటే గణాలూ యతీ చెడవు, పద్యమూ బలపడుతుంది.

రెండవ పూరణ

ముద్ర పడకముందు మొదలైన నామమ్ము
అచ్చు పిదప గూడ నంటియుండు
కొత్తపేరు పెట్టి పాతది విడువక
పూర్తియైన పనికి పూర్తి లేదు

విమర్శ: మూడవ పాదంలో యతి తప్పింది. “పేరు కొత్త దిడియు బెరుకక పాతది” అని సవరించవచ్చు. 2020 సీ ప్లస్ ప్లస్ ప్రమాణానికి ముందుగా పెట్టిన “2ఏ” అన్న తాత్కాలిక నామం, “20” అన్న అసలు పేరు వచ్చాక కూడా జీసీసీలో చెల్లుతూనే ఉన్నది, కాలం చెల్లినదని పత్రాలు చెబుతున్నా సరే.

మూడవ పూరణ

పట్టికందు నవును పలికిన మరునాడె
దోష సవరణమ్ము తొంగిచూచు
వరుస మార్చ వలయు వచ్చిన వెంటనే
పూర్తియైన పనికి పూర్తి లేదు

విమర్శ: నా దృష్టిలో ఇదే ఉత్తమం. పట్టిక అంటే ఏ భాషాంశం అమలైందో “అవును” అని చూపే స్థితిపట్టిక. 2011 సీ ప్లస్ ప్లస్ ప్రమాణపు భాషాంశాలన్నీ 2013 నాటి జీసీసీ 4.8.1తోనే అమలయ్యాయి. అయినా కన్‌స్ట్రక్టర్ల (ప్రోగ్రాములో వస్తువులను సిద్ధపరచే ప్రమేయాల) వారసత్వ నియమాన్ని తిరగరాసిన పీ0136 ప్రతిపాదన, 2017 ప్రమాణంలో భాగమైనప్పటికీ, 2011, 2014 ప్రమాణాలకు కూడా దోషసవరణగా పరిగణింపబడటంతో, జీసీసీ 7లో పాత ప్రమాణాన్ని ఎంచుకున్నవారికి సైతం కొత్త అర్థమే వర్తించింది. వద్దనుకునేవారి కోసం వేరే ఐచ్ఛికాన్ని పత్రాలలో వివరించవలసి వచ్చింది. అంటే పట్టికలోని “అవును” ఏ విడుదలకు, ఏ ప్రతిపాదనకు చెందినదో పక్కనే చెప్పకపోతే చదువరికి అది అక్కరకు రాదు.

“వెంటనే” అన్నదానిపై మాత్రం నాకు అభ్యంతరం ఉంది. జీసీసీలో కోడు భాండారం (మూలకోడును భద్రపరచే చోటు) వేరు, స్థితిపట్టిక ఉన్న వెబ్ పుటల భాండారం వేరు. ఒకే ప్యాచ్ (మార్పుల కట్ట) రెండింటినీ దిద్దజాలదు కనుక కోడు చేరిన తరువాత పట్టిక వెనుకబడటం సహజం.

కవి సమాధానం: ఆర్యా, అంగీకరిస్తున్నాను. “వరుస మార్చ వలయు వాకిలి వేరైన” అని దిద్దుకుంటున్నాను.

విమర్శ: యతి నిలిచింది, విషయమూ నిలిచింది. “వాకిలి” భాండారాన్నే సూచిస్తున్నదని తెలియనివారికి కొంత అన్వయక్లేశం ఉన్నా, పాదాన్ని ఇలాగే ఉంచవచ్చు.