అప్‌డేట్: 21 ముక్కల ట్రిక్‌కి దారి దొరికింది

21 పేకముక్కల ట్రిక్‌లో చూసేవాళ్లు మనసులో ఒక ముక్క అనుకుంటారు; మనం ముక్కల్ని మూడు వరసలుగా పంచి, అది ఏ వరసలో ఉందో అడిగి, వరసల్ని ఒకే కట్టగా కలుపుతాం. ఇలా మూడుసార్లు చేసి ముక్క కనిపెడతాం. అది చేస్తుంటే, ముక్క 11వ చోటే వస్తుందని మా విశాఖ ఎంవీపీ కాలనీ పిల్లలు ముందే అరిచేస్తున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది 21కి బదులు 27 ముక్కలతో చేసే పద్ధతి.

ముక్క 1 నుంచి 27 లోపు ఏ చోట రావాలో చూసేవాళ్లనే ముందు అడగాలి. అందులోంచి 1 తీసేసి, మిగిలినదాంట్లో 9లు ఎన్ని, 3లు ఎన్ని, 1లు ఎన్ని అని విడగొట్టాలి (ఒక్కోటి 0, 1 లేదా 2 వస్తుంది). వరసల్ని కలిపేటప్పుడు మొదటిసారి 1ల అంకె, రెండోసారి 3ల అంకె, మూడోసారి 9ల అంకె చూడాలి. 0 అయితే వాళ్ల ముక్క ఉన్న వరస పైన, 1 అయితే మధ్యలో, 2 అయితే అడుగున (కట్ట బోర్లా ఉన్నప్పుడు). 10 అడిగితే మిగిలేది 9, అంటే 1లు 0, 3లు 0, 9లు 1: పైన, పైన, మధ్యలో. చవితి పందిట్లో ఒక మామ్మగారు 27 అన్నారు, హాయిగా మూడుసార్లూ అడుగునే!

కొత్త పేకకట్ట కొనమన్న సలహా అవసరం పడలేదు. బీచ్ రోడ్డు గాలిలో మాత్రం ఈ ట్రిక్ పెట్టుకోకండి.