డ్యూన్ నడవట్లేదు, ఇంకేదైనా చెప్పండి

చిక్కడపల్లి చదువరి:
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల డ్యూన్ పాత కాపీ దొరికింది. చివర్లో ఉన్న పదకోశం తిప్పుకోవడంతోనే సరిపోతోంది. నీళ్ల సంగతి మాత్రం పట్టేసింది: ఒంటి చెమటను కూడా వడకట్టి తాగించే సూటు! మేలో ట్యాంకర్ కోసం కాచుకునే మా అపార్ట్‌మెంట్ వాళ్లకి అదేమంత కల్పన కాదు. కానీ మళ్లీ జోస్యం, మళ్లీ లోకోద్ధారకుడైన రాకుమారుడేనా? చిన్నప్పుడు చందమామ సీరియళ్లలో చిత్రా గారి బొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ణి, రాకుమారులు చాలు.

మలక్‌పేట మాంత్రికుడు:
ఉర్సులా లెగ్విన్ ఫాంటసీ నవలల వరస ఎర్త్‌సీలో మొదటి పుస్తకం (1968) పట్టండి, సన్నగా ఉంటుంది. మేకలు కాసే కుర్రాడు పొగరుకొద్దీ ఒక నీడను లోకంలోకి వదిలేస్తాడు, అదే అతని వెంటపడుతుంది. యుద్ధాల్లేవు, పడవ ప్రయాణాలే.

రాత్రి బస్సు:
ఆగండి సార్, డ్యూన్ మధ్యలో వదలకండి. హెర్బర్ట్ అనుమానం కూడా ఆ ఉద్ధారకుడి మీదే. 1969లో వచ్చిన రెండో భాగంలో అతని పేరిట జరిగిన యుద్ధాల్లో వేల కోట్ల మంది పోయినట్టు లెక్క ఉంటుంది. కావాలంటే చైనా సైన్స్ ఫిక్షన్ నవల త్రీ బాడీ ప్రాబ్లమ్ చదవండి. సైన్స్ అదుర్స్, మనుషులే అట్టబొమ్మలు.

చిక్కడపల్లి చదువరి:
వేల కోట్లా! అయితే పదకోశంతో ఇంకొన్నాళ్లు కుస్తీ పడతా. ఎర్త్‌సీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నారాయణగూడ వచ్చి తీసుకుంటా.