చిన్న విమానం బ్రేకులు కాలిపోతుంటే నూనె మార్చాలా, తొక్కే తీరు మార్చాలా?

విజయనగరం మెకానిక్:
మా మేనల్లుడు టెక్సాస్‌లో ఇద్దరు కూర్చునే విమానాన్ని ఇంటి గ్యారేజీలోనే కట్టుకున్నాడు. మొన్న రన్‌వే దాకా మైలు దూరం నేల మీద నడిపేసరికి ఎడమ బ్రేకు పెడల్ మెత్తబడి అడుగంటా పోయిందట. చక్రం దగ్గర నూనె మరక. అందులో ఉన్నది 5606 అనే ఎర్ర హైడ్రాలిక్ నూనె, ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పంటుకునే వేడి) 82 డిగ్రీలే. కార్లలో పోసే డాట్ 4 అయితే కొత్తది 230 దాకా మరగదు, అదే పొయ్యరా అన్నాను. ఒప్పుకోవడం లేదు. నేను చెప్పింది తప్పా?

శ్రీకాకుళం, రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్:
తప్పే మేస్త్రి గారూ, దయచేసి పొయ్యనివ్వకండి. ఆ బ్రేకుల్లో సాధారణంగా ఉండేవి నైట్రైల్ అనే రబ్బరు రింగులు. ఖనిజ నూనెకు సరిపోతాయి. డాట్ 4 గ్లైకాల్ జాతి, వాటిని ఉబ్బించి పాడుచేస్తుంది. దీనికి తిరగేసిన సంగతి, అంటే డాట్ 4కి సరిపోయే రబ్బరుకు ఖనిజ నూనె తగలడం, మీ షెడ్‌లో చూసే ఉంటారు.

విజయనగరం మెకానిక్:
చూశాను. ఒక కుర్రాడు జీపు మాస్టర్ సిలిండర్‌లో ఇంజన్ ఆయిల్ పోసి తెచ్చాడు. విప్పితే కప్పు రబ్బరు నానిన శనగగింజలా ఉబ్బి, అంచు వంకర్లు తిరిగి, పిస్టన్‌ని వెనక్కి రానివ్వడం లేదు. నాలుగు చక్రాలూ జామ్. డాట్ 4 మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బొబ్బిలి ఇంజనీరింగ్ విద్యార్థి:
83282 అనే విమాన హైడ్రాలిక్ నూనె పొయ్యమనండి అంకుల్. అదీ ఎరుపే, అదే రబ్బరుకు సరిపోతుంది, 5606తో కలిసినా ఇబ్బంది లేదు. ఫ్లాష్ పాయింట్ 205. మరీ చలిలో చిక్కబడుతుంది గానీ టెక్సాస్‌లో అంత చలి ఎక్కడ? దీంతో సరి.

శ్రీకాకుళం, రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్:
సరి కాదు బాబూ. నిప్పు భయం తగ్గుతుంది, అందుకే నేనూ అదే పొయ్యమంటాను. మరి వేడి? నైట్రైల్ సుమారు 120 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. ఆపైన ఎక్కువసేపు ఉంటే గట్టిపడుతుంది, అప్పుడు ఏ నూనె పోసినా కారుతుంది. ముందు చక్రానికి స్టీరింగ్ ఉందా, ఆ రోజు గాలి ఎటు, ఇంజన్ ఎంత మీద నడిపాడు? అవి కనుక్కోండి.

విజయనగరం మెకానిక్:
ఇప్పుడే ఫోన్ చేశాను. స్టీరింగ్ లేదు, ఎటు తిప్పాలన్నా బ్రేకే. గాలి కుడి నుంచి కొడుతోంది. ముక్కు అటే తిరిగిపోతుంటే దారిపొడవునా ఎడమ పెడల్ మీద కాలు తియ్యలేదట. ఇంజన్ నిమిషానికి 1200 చుట్ల మీద. అంటే ఒకపక్క ఇంజన్ లాగుతుంటే ఇంకోపక్క బ్రేకు పట్టి ఉంచాడు! సాలూరు ఘాట్ దిగేటప్పుడు లారీవాళ్లు గేరు తగ్గించి ఇంజన్ మీదే బండిని ఆపుతారు గానీ బ్రేకు మీద కాలు నిలపరు. ఈ మాట వాడికి నేనే చెప్పి ఉండాల్సింది.

బొబ్బిలి ఇంజనీరింగ్ విద్యార్థి:
గాలి మన చేతిలో లేదు కదా అంకుల్. ఎలాగైనా బ్రేకు వాడాల్సిందే.

శ్రీకాకుళం, రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్:
వాడాలి, కానీ ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలెయ్యాలి. మళ్లీ ముక్కు తిరిగితే మళ్లీ తొక్కాలి. మధ్యలో డిస్కుకి గాలి తగులుతుంది. చక్రం మీద తొడుగు ఉంటే వేడి లోపలే నిలుస్తుంది, అదీ చూసుకోమనండి.

విజయనగరం మెకానిక్:
వాడు ఎడమ కాలిపర్ విప్పి వీడియో పంపాడు. రింగుని వేళ్లతో వంచగానే పుటుక్కున విరిగింది. రెండు వైపులా కొత్తవి వేసి 83282 పోస్తాడట. శనివారం ఇంజన్ తగ్గించి అదే దూరం నడుపుతాడు. పెడల్ ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.