పాత బెంచీకి తక్కువ ఖర్చులో మెత్తటి సీటు: స్పాంజి మేలా, దూది మేలా?

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట)

మా అద్దె ఇంటి హాలులో 6 అడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉన్న వేపచెక్క బెంచీ ఒకటి ఉంది. పలకల మధ్య వేలు దూరేంత సందులున్నాయి. దర్శనానికి వచ్చే బంధువులతో ఏడాది పొడవునా ఇల్లు నిండుగానే ఉంటుంది కాబట్టి కూర్చోవడానికి ఏదో ఒక ఏర్పాటు తప్పనిసరి. సోఫా కొనే స్తోమత ప్రస్తుతానికి లేదు. ఉన్నా, ఇల్లు మారినప్పుడల్లా దాన్ని మేడ మెట్లెక్కించడం మా వల్ల కాదు. ఈ బెంచీ మీదే 4 అంగుళాల స్పాంజి వేయిద్దామని నేనంటే, దూది పరుపు కుట్టిద్దామని మా అమ్మగారు అంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి, చాప మీద కూర్చుంటే లేవలేకపోతున్నారు. మొత్తం ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ఇంట్లో కాలితో తొక్కే కుట్టుమిషను ఉంది. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

స్పాంజా, దూదా అన్నది తరువాత తేల్చుకోవచ్చు. అమ్మగారు కూర్చున్నాక సీటు ఎంత ఎత్తున నిలుస్తుందో ముందు చూడండి. మోకాళ్ల నొప్పులున్నవారికి సీటు తగ్గులో ఉన్నా, కూర్చోగానే లోపలికి దిగిపోయినా, లేచేటప్పుడు భారమంతా మోకాళ్ల మీదే పడుతుంది. మీ బెంచీ మీద 4 అంగుళాల మెత్తటి స్పాంజి వేస్తే చూడటానికి 18 అంగుళాలు అవుతుంది గాని, మనిషి కూర్చోగానే ఆ మందంలో చాలా భాగం అణగిపోతుంది. అందుచేత అడుగున 2 అంగుళాల కొబ్బరిపీచు పలక, దాని మీద 2 అంగుళాల స్పాంజి వేయించండి. పరుపుల దుకాణాల్లో కాయిరు షీటు అని అడిగితే ఇస్తారు. పీచుకు రబ్బరు పాలు పట్టించి అదిమి చేసిన ఆ పలక పెద్దగా అణగదు; మెత్తదనమంతా పై పొరే చూసుకుంటుంది. కాయిరు దొరకకపోతే, స్పాంజి ముక్కలను అంటించి చేసే రంగురంగుల గట్టి రకాన్ని అడుగున వాడవచ్చు. బెంచీ పలకల సందుల్లోకి పీచు కుంగకుండా ముందుగా ఒక ప్లైవుడ్డు ముక్క పరచండి.

పై పొరకు డెన్సిటీ 32 ఉన్న స్పాంజి అడగండి. ఒక ఘనమీటరు 32 కిలోలు తూగుతుందని ఆ అంకెకు అర్థం. ఆ లెక్కన మీ కొలతకు కోసిన 2 అంగుళాల ముక్క సుమారు కిలోన్నర ఉండాలి. కోయించిన తరువాత తక్కెడలో పెట్టి చూపించమనండి, ఇందులో మొహమాటం అక్కరలేదు. కిలోకు తగ్గితే అది వీపు దిండ్లకు సరిపోయే రకమే గాని, సీటుకు వేస్తే త్వరలోనే గుంతలు పడుతుంది.

జవాబు (పుత్తూరు)

అమ్మగారి మాటను అంత తేలిగ్గా తీసివేయవద్దని నా మనవి. మన ప్రాంతపు ఎండల్లో స్పాంజి మీద గంటసేపు కూర్చుంటే ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. దూదికి ఆ బాధ తక్కువ. అణగిపోయిన దూదిని మళ్లీ ఏకించి వాడుకోవచ్చు, స్పాంజి అణగితే పారవేయవలసిందే. అయితే సీటుకు వేసే దూది ఒక పక్కకు జరగకుండా, జానెడు దూరానికొకటి చొప్పున దబ్బనంతో పైనుంచి కిందికి దారం దింపి, తిరిగి పైకి తెచ్చి బిగించి ముడి వేయాలి. ముడి కింద రెండు వైపులా చిన్న గుడ్డముక్కను మడిచి పెట్టకపోతే, నాలుగు రోజులకే దారం గుడ్డను కోసుకుంటూ లోపలికి పోతుంది. బూరుగు దూది మాత్రం సీటుకు వద్దు. బరువు పడితే ఉండలు కడుతుంది. ఆనుకునే దిండ్లకు అంతకు మించినది లేదు, కాకపోతే గలీబు నేత దగ్గరగా ఉండాలి, లేకుంటే ఇల్లంతా నూగు ఎగురుతుంది.

జవాబు (నగరి)

లోపల ఏది వేసినా, పైన రెక్సిను మాత్రం వేయకండి. వేసవిలో ఒంటికి అతుక్కుంటుంది, ముడతల దగ్గర పగులుతుంది. మందపాటి నూలు కాన్వాసు గాని, జీన్సు గుడ్డ గాని తీసుకోండి. 54 అంగుళాల పన్నా అయితే మీ కొలతకు రెండున్నర మీటర్లు సరిపోతాయి. నూలుగుడ్డ కుంచించుకుపోతుంది కనుక కత్తిరించక ముందే ఒకసారి ఉతికి ఆరవేయాలి. తొడుగు కొలత స్పాంజి కన్నా అర అంగుళం తక్కువగా ఉంచితే ముడతలు పడకుండా బిగువుగా కూర్చుంటుంది. మీ మిషనుకు 16వ నంబరు సూది, పాలిస్టరు దారం వేసి, కుట్టు కాస్త పొడుగ్గా పెట్టుకోండి. మూలల్లో నాలుగు పొరలు కలిసినచోట తొక్కడం ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పితే సూది విరగదు. జిప్పు వెనుకవైపు నిడివంతా ఉండి, రెండు మూలలు కూడా తిరగాలి. చిన్న జిప్పు పెడితే ఉతికిన ప్రతిసారీ పీచు పలకను వంచి దూర్చవలసి వస్తుంది, అది విరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అడుగున కాయిరు వేసి, దాని మీద స్పాంజికి బదులు దూది పొర వేస్తే అమ్మగారి మాట కూడా నిలబెట్టినట్టవుతుంది. అలా చేయవచ్చునా?

జవాబు (చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

నిస్సందేహంగా చేయవచ్చు. అయితే రెంటినీ ఒకే తొడుగులో కుట్టివేయకండి. దూది పొరను వేరే పలుచని పరుపుగా కుట్టించి కాయిరు మీద పరిస్తే, దాన్నొక్కదాన్నే తీసి మిద్దె మీద ఎండబెట్టుకోవచ్చు. జారకుండా నాలుగు మూలలా నాడాలు కుట్టించి బెంచీ కాళ్లకు కట్టండి. దూది గాని స్పాంజి గాని నిప్పును తొందరగా అందుకుంటుంది, కాబట్టి దోమల చుట్టను ఆ బెంచీ కింద పెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి.