ఊరి సంఘం తరఫున కళల స్కాలర్‌షిప్: 4,20,000తో ఎట్ల మొదలుపెట్టాలె?

డిండి_గట్టు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఊరు. హైదరాబాదుల, భివండిల పనిచేసుకునే మా ఊరోళ్లు కలిసి 4,20,000 జమచేసిండ్రు. డప్పు, చిందు యక్షగానం, బొమ్మలు గీసుడు, వీటిల్ల నిజంగ పట్టున్న పిల్లలకు ఏటా స్కాలర్‌షిప్ ఇయ్యాలని అందరి మాట. దసరాకు ఊరంత ఒక్కతాన ఉంటది కాబట్టి ఆ రోజే పదిమందికి తలా 5,000 ఇచ్చి శాలువ కప్పుదామని కొందరంటున్నరు. పైసలు ఇప్పుడు ముగ్గురు పెద్దమనుషుల జాయింట్ ఖాతాల ఉన్నయి. ఎంతమందికి ఇయ్యాలె, ఎవరిని తీసుకోవాలె, ఎట్ల చెల్లించాలె?

పాలమూరు_అక్క:
తమ్మీ, పదిమందికి 5,000 అంటే ఏడాదికి 50,000. వడ్డీ లెక్కేయకుంటే ఎనిమిదేండ్లల్ల అసలు ఊడ్చుకపోతది. అంతకన్నా పెద్ద తిప్పలు ఇంకోటుంది. దసరా నాడు చేతిల పెట్టిన 5,000 దీపావళి దాటదు. ఇంట్ల ఏ అవసరముంటే దానికి పోతయి, తప్పు పట్టలేం. కానీ పిల్లకు నేర్చుకునుడు ఒక్కరోజు గూడ పెరగదు.

అసలు ముట్టకుండ లెక్క చూడు. 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 29,400. ఇద్దరికి నెలకు 1,000 చొప్పున 24,000 పోను 5,400 మిగులుతది. అది వాయిద్యాల మరమ్మతుకు, రంగులకు, కాగితాలకు. ఇద్దరేనా అని ఊర్ల అంటరు, అననీ. మూడేండ్లు ఆపకుండ ఇయ్యగలిగినంత మందినే తీసుకోవాలె. ఎక్కువమందికి ఇయ్యాలనుంటే ఊరోళ్ల దగ్గర ఏటా చందా రాయించుకోండ్రి, అసలు జోలికి పోవద్దు. డిపాజిట్ మూడు నెలలకోసారి వడ్డీ చేతికొచ్చే రకం తీసుకోండ్రి. చివరికి ఒక్కసారే వచ్చేది తీసుకుంటే నడుమ ఇయ్యనీకి పైసలుండయి.

వయసు సంగతి గూడ గట్టిగ అనుకోండ్రి. కేంద్రం సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) ద్వారా ఇచ్చే ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్‌కు 10 నుంచి 14 ఏండ్ల లోపలే దరఖాస్తు పెట్టాలె. ఏడాదికి 3,600, దానిమీద నేర్పే ఫీజు 9,000 దాక. దేశం మొత్తం మీద 650 ఇస్తే, అందుల 125 వంశపారంపర్యంగ కళ నడిపే కుటుంబాల పిల్లలకే. మీ చిందు కళాకారుల పిల్లలు ఈ 125 లెక్కలకే వస్తరు. తర్వాత 18 నుంచి 25 ఏండ్ల యువ కళాకారులకు నెలకు 5,000 చొప్పున రెండేండ్లు ఇచ్చే పథకముంది. నడుమ 14 దాటి 18 నిండనోళ్లకు ఈ రెండిట్ల కొత్తగ చేరే తొవ్వ లేదు. పదో తరగతి, ఇంటర్ అని కళ ఇడిచిపెట్టేది గా నాలుగేండ్లల్లనే. మీ పైసలు సరిగ్గ గక్కడ పెట్టండ్రి. చిన్నోళ్లకు సీసీఆర్‌టీ దరఖాస్తు నింపి పెట్టుండ్రి, గదే పెద్ద సాయం.

దరువు_లెక్క:
ఎంపిక గురించి. పిల్లలు ఇంటి దగ్గర బాగా తోమిన ముక్కనే తెచ్చి వినిపిస్తారు. దాన్నిబట్టి సాధన తెలుస్తుంది గానీ పట్టు తెలియదు. డప్పు అయితే తెలియని దరువొకటి రెండుసార్లు వినిపించి వాయించమనండి. తర్వాత అదే దరువు మెల్లగా, మధ్యస్తంగా, జోరుగా. జోరు పెరిగినప్పుడు కుడిచేతి సిర్ర (లావు కర్ర) మోగుతూనే ఉంటుంది, ఎడమచేతి చిటికెన పుల్ల (సన్న పుల్ల) తేలిపోతుంది. చెవి అక్కడ పెట్టండి.

అందరికీ ఒకటే డప్పు ఇవ్వాలి, ప్రతి ఒక్కరి ముందూ మంట మీద కాచాలి. వానాకాలంలో తోలు తేమ పీల్చి అరగంటలో సడలిపోతుంది. మొదట వాయించినవాడికి ఖంగుమని, ఆఖరువాడికి బొద్దుగా పలికితే ఆ తేడా పిల్లలది కాదు, తోలుది.

యక్షగానం పాడేవాళ్లకు పద్యం మొదటి రెండు పాదాలు హార్మోనియంతో, తర్వాతి రెండు హార్మోనియం ఆపేసి పాడించండి. చివర్లో మళ్లీ మెట్టు నొక్కితే శ్రుతి ఎంత జారిందో అందరికీ వినబడుతుంది. బొమ్మలైతే ఇంటి నుంచి తెచ్చినవి చూడొద్దు, ఫోన్లో చూసి దించినవే ఎక్కువ. కిటికీ పక్కన బిందె, చాట పెట్టి రెండు గంటలు గీయించండి. వెలుగు ఎటునుంచి పడిందో చూసి నీడ వేసిన పిల్లను పట్టుకోండి, గీత వంకరగా ఉన్నా ఫరవాలేదు.

ముగ్గురు చూడాలి, ఇద్దరు బయటి ఊరివాళ్లు. ఏ గురువూ తన శిష్యులకు మార్కులు వేయకూడదు.

నకిరేకల్_ఖాతా:
ముగ్గురి పేర్ల మీద పైసలు ఉంచకండి. వడ్డీ వాళ్ల సొంత ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఒకరికి ఏమైనా అయితే వారసుల సంతకాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సొసైటీగా నమోదు చేయించి, సొసైటీ పేరు మీద పాన్, ఖాతా తీసుకోండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలని నియమావళిలోనే రాసుకోండి. ఉద్దేశాల్లో "కళల శిక్షణకు ఉపకార వేతనాలు" అన్న మాట విడిగా ఉండాలి. ఉత్త "గ్రామాభివృద్ధి" అని రాసుకుంటే ఏటా పైసలు రోడ్డుకా, గుడికా, స్కాలర్‌షిప్‌కా అన్న పంచాయితీ తెగదు.

దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించాలనుకుంటే నగదు 2,000 దాటితే పనికిరాదు, ఖాతాలోకే వేయించుకోవాలి. సంఘం ఒక్క కులానికే అని రాసుకున్నా ఆ మినహాయింపు దొరకడం కష్టం. ఊరి పిల్లలందరికీ అని రాయండి.

డిండి_గట్టు:
చాన మంచిగ చెప్పిండ్రు. ఇంకొక్కటి. బాగ వాయించే పోరడు ఒకడు గురుకులంల ఉంటడు, సెలవులకే వస్తడు. నెలనెలా ఎట్ల ఇయ్యాలె? మా గురువేమో పైసలు తీసుకోనంటడు.

పాలమూరు_అక్క:
నెలతోని కాదు, పాఠంతోని లెక్క పెట్టుకో. ఏడాదికి 60 పాఠాలు, పాఠానికి 200, మొత్తం గదే 12,000. దసరా, సంక్రాంతి, ఎండకాలం సెలవులల్ల రోజుకొకటి చొప్పున 60 ఆరామ్‌గ అయిపోతయి. 200ల 120 గురువుకు, 80 పిల్లగానికి. గురువు వద్దన్నా ఆయన ఖాతాలనే వెయ్యండ్రి. నేర్పిన రోజు ఆయన కూలి పోతది, అడగకున్నా అది బాకీనే. ఆడపిల్లలకు ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల టికెట్ లేదు గనుక వాళ్ల 80 రంగులకో గజ్జెలకో మిగులుతయి. మగపిల్లలకు అందుల సగం చార్జీలకే పోతయి, అది చూసుకోని కొంచెం కలపండ్రి.

ఒక్కొక్కరికి ఒక పుస్తకం పెట్టు. తేదీ, ఆ రోజు ఏం నేర్పిండ్రో ఒక్క లైను, గురువు సంతకం. 20 పాఠాలకోసారి పుస్తకం చూసి పైసలు వెయ్యండ్రి. మొదటి పేజీల నేర్చుకునుడు మొదలైన తేదీ రాయించుండ్రి. 18 ఏండ్లకు పెట్టే కేంద్రం దరఖాస్తుకు కనీసం అయిదేండ్లు నేర్చుకున్నట్టు గురువు సర్టిఫికెట్ కావాలె. అప్పుడు ఆయన తారీకులు యాదికి తెచ్చుకునే పని లేకుండ ఆ పుస్తకం చూసి రాసిస్తడు.