తిరుపతిలో రోడ్ల మీద పడుకునేవాళ్ళు ఉచిత భోజనం కోసమే వచ్చి చేరుతున్నారా?

గాంధీరోడ్డు షాపు:
సూటిగా అడుగుతున్నాను. పొద్దున షట్టర్ తీయాలంటే ముందు మెట్ల మీద పడుకున్నవాళ్ళను లేపాలి. రోజూ ఇదే తంతు. ఊళ్ళో ఎటు చూసినా ఉచిత అన్నప్రసాదం, లేదంటే ఐదు రూపాయల అన్న క్యాంటీన్, చలికాలం వస్తే దుప్పట్లు పంచేవాళ్ళు. తిండికి లోటు లేనప్పుడు పనికి ఎందుకు పోతారు? పైగా సగం మందికి తాగుడు. వ్యానులో ఎక్కించి తీసుకుపోయినా వారం తిరక్కముందే మళ్ళీ అదే మెట్టు మీద ఉంటారు. ఇది సమాజం తప్పు అనేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు అర్థమయ్యేలా చెప్పండి. తిట్లు వద్దు.

ఎస్వీయూ బ్యాచ్:
అన్నా, తాగుడు లేదని ఎవరూ అనరు. కానీ ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఫలానా మనిషి రోడ్డున ఎందుకు పడ్డాడు అంటే తాగుడో, అప్పో, ఇంట్లో గొడవో, కాలు విరగడమో, ఏదో ఒకటి దొరుకుతుంది. ఊళ్ళో ఇంతమంది ఎందుకు ఉన్నారు అంటే మాత్రం ఆ జవాబు చాలదు. తాగేవాళ్ళు సొంత మేడల్లో కూడా ఉన్నారు, మీ వీధిలోనే లెక్కపెట్టి చూడండి. వాళ్ళకు తాగి లివర్ పోతుంది గానీ ఇల్లు పోదు.

అమెరికన్ సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో నిరుద్యోగం గురించి చెప్పింది ఇదే. లక్షమంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే అతని స్వభావం, పనితనం చూడాలి. ఐదు కోట్ల మంది పనివాళ్ళున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఒక్కొక్కరి గుణం వెతికి లాభం లేదు, పనులు దొరికే ఏర్పాటే దెబ్బతిందని అర్థం.

కుర్చీలాట తీసుకోండి. పది మందికి ఎనిమిది కుర్చీలు వేస్తే ఓడేది కాలు నొప్పి ఉన్నవాడో, నిదానంగా నడిచేవాడో అవుతాడు. ఇద్దరు నిలబడిపోవడం మాత్రం ఆట మొదలు కాకముందే ఖాయమైపోయింది. మన ఊళ్ళో కుర్చీలు ఎలా తగ్గుతున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. బస్టాండు చుట్టుపక్కల నెల అద్దెకు ఇచ్చే గదులు యాత్రికులకు రోజు అద్దెకు మారుతున్నాయి. ఓనరు చేసేది తప్పని అనను, ఎవరైనా అదే చేస్తారు. కానీ హోటల్లో క్లీనింగ్ చేసేవాడికి గది దొరకడం ఆ మేరకు కష్టమైంది.

గాంధీరోడ్డు షాపు:
కుర్చీలాట బాగానే ఉంది తమ్ముడూ. అద్దెలు చిత్తూరులో కూడా పెరిగాయి. చిత్తూరు బస్టాండులో రాత్రిపూట ఇంతమంది కనిపించరే? అన్నం ఉన్నచోటికి జనం వస్తారనే కదా దానర్థం.

జీవకోన:
సగం నిజం. వస్తారు, ఒప్పుకుంటాను. కానీ ఇల్లు పోయింది ఇక్కడ కాదు కదా. ఎక్కడో ఇంటి నుంచి బయటపడ్డాక, బతకడానికి వీలున్న ఊరు వెతుక్కుని వస్తారు. అన్నం ఆపేస్తే ఆకలితో ఇంకో ఊరికి పోతారేమో గానీ, దానివల్ల ఎవరికీ ఇల్లు రాదు. అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. మధ్యలో ఐదేళ్ళు మీ మెట్లు ఖాళీగా ఉన్నాయా?

గాంధీరోడ్డు షాపు:
లేవు. టీటీడీ అన్నం ఉంది కదా మరి.

జీవకోన:
సరే, అది వదిలేద్దాం. అసలు ఎంతమంది ఉన్నారో మీకెలా తెలుసు? జనాభా లెక్కల్లో రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫాంల మీద, గుళ్ళలో, మంటపాల్లో ఉండేవాళ్ళను ఇల్లు లేనివాళ్ళ కింద రాసుకుంటారు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి తిరిగి లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలు తేలారు. 2001లో అది 19.4 లక్షలు, అంటే తగ్గింది. పట్టణాల్లో మాత్రం 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది.

మన ఊళ్ళో ఆ లెక్క ఎలా చేస్తారో ఆలోచించండి. టీటీడీ యాత్రికుల వసతి గృహం విష్ణునివాసం ముందు రాత్రి పదకొండుకు పడుకున్నవాళ్ళలో యాత్రికుడెవరు, ఇల్లు లేనివాడెవరు? ఇద్దరికీ గుండే, ఇద్దరి తల కిందా సంచే. యాత్రికుడు చాప పరుచుకుంటే భక్తి అంటాం, పక్కవాడు అదే పని చేస్తే న్యూసెన్స్ అంటాం. 2020 మార్చి 20న కొండమీద దర్శనం ఆపేశాక, జూన్‌లో మళ్ళీ తెరిచేదాకా ఊళ్ళో యాత్రికులు లేరు. అప్పుడు రోడ్ల మీద మిగిలినవాళ్ళెవరో వాళ్ళే అసలు లెక్క. వాళ్ళలో ముసలివాళ్ళు ఎక్కువగా కనిపించారు. నేను చూసిందే చెబుతున్నా.

నైట్ డ్యూటీ సిస్టర్:
ముసలివాళ్ళు ఎందుకు ఎక్కువో నన్నడగండి. స్వామి దర్శనం చేయిస్తామని తీసుకొచ్చి ఇక్కడ వదిలేసి పోయేవాళ్ళు ఉన్నారు. ఒంట్లో బాగాలేక ఎవరో మా దగ్గర చేరుస్తారు. కేస్ షీట్‌లో అడ్రసు, అటెండర్ పేరు రాయాలి. "కొడుకు నంబరు చెప్పమ్మా" అంటే తెలీదంటుంది. రెండు రోజులయ్యాక చూస్తే ఆ నంబరు నోటికి వచ్చు. చెబితే వాడి మీద కేసు పెడతారని భయం. చట్టం ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007 ప్రకారం ముసలివాళ్ళను వదిలించుకుంటే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కంప్లయింట్ ఇవ్వాల్సిన మనిషే కొడుకును కాపాడుతుంటే ఆ చట్టం ఏం చేస్తుంది?

మతిస్థిమితం లేనివాళ్ళ సంగతి ఇంకోటి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలా తిరిగేవాళ్ళను కాపాడి 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చడం పోలీసుల బాధ్యత. కొందరు ఎస్ఐలు నిజంగానే తెస్తారు. మందులు వాడితే చాలామంది కుదుటపడతారు. ఆ తర్వాత డిశ్చార్జి ఎక్కడికి? గేటు దాటితే మళ్ళీ ఫుట్‌పాతే. అక్కడ మందులు ఎక్కడ పెట్టుకుంటారు, నిద్ర ఎలా పడుతుంది? నెల తిరక్కుండా మళ్ళీ అదే పరిస్థితి. షాపు అన్న చెప్పిన తాగుడు కూడా నేను చూసినంతలో చాలామందికి రోడ్డుకొచ్చాకే ముదిరింది. చలికి, దోమలకు, రాత్రి ఎవరు తంతారో అన్న టెన్షన్‌కు తాగుతారు.

కుప్పం ప్యాసింజర్:
"పనికి ఎందుకు పోతారు" అన్న మాటకు నా జవాబు. నేను బెంగుళూరులో కన్‌స్ట్రక్షన్ పని చేస్తాను. మా మండలంలో వేరుశెనగ పోయాక ఇంటికొకరు ఇట్లే వచ్చారు. పని ఉంది, కూలీ వస్తుంది, ఇల్లు మాత్రం లేదు. బెంగుళూరులో గది కావాలంటే పది నెలల అద్దె అడ్వాన్సు అడిగేవాళ్ళున్నారు. ఎక్కడినుంచి తేవాలి? కట్టే బిల్డింగులోనే పడుకుంటాం. సైటు మారినప్పుడు మధ్యలో నాలుగు రోజులు స్టేషన్‌లోనే. ఆ నాలుగు రోజులు నన్ను ఎవరైనా చూస్తే సోమరి అనుకుంటారు కదా?

తిరుపతిలో కూడా అంతే అన్నా. కల్యాణమంటపంలో వడ్డన చేసినవాడికి పని అయ్యేసరికి రాత్రి రెండవుతుంది. పూలు కట్టేవాళ్ళు, బ్యాగులు మోసేవాళ్ళు తెల్లారుజామునే మొదలుపెట్టాలి. మీ షాపు మెట్లు వాళ్ళకు పని దగ్గర.

ఇంకోమాట. 2020 డిసెంబర్ 25 నుంచి ఇళ్ళ పట్టాలు పంచారు, పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. మా ఊళ్ళో మంచిగానే అందాయి. ఫుట్‌పాత్ మీదున్నవాడికి ఎట్లా అందుతాయి? పట్టాకు రేషన్ కార్డు కావాలి, కార్డుకు అడ్రసు కావాలి, అడ్రసుకు ఇల్లు కావాలి. ఈ విషయంలో ఎలక్షన్ కమిషనే నయం. అడ్రసు ప్రూఫ్ లేకపోయినా, ఓటు దరఖాస్తు ఫారం 6లో చెప్పినచోట నిజంగా పడుకుంటున్నాడా లేదా అని ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి (బీఎల్ఓ) రాత్రిపూట వచ్చి చూసి ఓటు రాసుకోవాలని రూలు పెట్టింది. ఓటుకు దొరికిన దారి బియ్యానికి ఎందుకు దొరకదు?

(అడ్మిన్: రెండు కామెంట్లు తీసేశాం. కులం పేరు పెట్టి తిట్టే పనైతే వేరే చోటు చూసుకోండి.)

చెరువు కట్ట:
తీసేసిన కామెంట్ మా యానాదుల మీదే, చదివాను. కులం ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఉద్యోగం పోయినా, కాపురం చెడినా, అన్నదమ్ముల ఇంటి వసారాలో పది రోజులు తలదాచుకునే వీలు ఎవరికి ఉంటుంది? ఊళ్ళో ఇల్లూ, భూమీ ఉన్న కులాలకు ఉంటుంది. మావాళ్ళు తరాలుగా చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకుని బతికారు. ఆక్రమణలు తీస్తున్నామని ఒకరోజు జేసీబీ వస్తే మేమూ మా చుట్టాలూ ఒకేసారి రోడ్డు మీద ఉంటాం. టౌన్‌లో అద్దెకు అడిగితే జీతం ఎంత అనే ముందు "మీరేమిట్లు" అంటారు. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

గాంధీరోడ్డు షాపు:
సరే. ముసలివాళ్ళు, మతిలేనివాళ్ళు, కూలీలు, వీళ్ళందరినీ ఒకే గాటన కట్టాననే మీ అందరి ఆరోపణ. అయినా నా షట్టర్ సమస్య అట్లే ఉంది. సమాజం మారేదాకా నేను మెట్లు కడుక్కుంటూ కూర్చోవాలా?

లా పాయింట్:
అక్కర్లేదు సార్. లక్ష జనాభాకు ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే షెల్టర్ ఒకటి ఉండాలని, అది ఏడాది పొడుగునా 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే రాష్ట్రాలకు చెప్పింది. 2013లో వచ్చిన కేంద్ర పథకం, జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, ఆ లెక్కనే తీసుకుంది. ప్రతి లక్షకూ కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 లెక్కల్లో తిరుపతి నగర జనాభా దాదాపు 2.87 లక్షలు. అంటే మూడు వందల మందికి చోటు. ఇక్కడే మెలిక ఉంది. ఆ లెక్క ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళ మీద కట్టింది. రోజూ 60, 70 వేల మంది వచ్చిపోయే ఊరికి, వాళ్ళ పనుల కోసం బయటినుంచి వచ్చి చేరే ఊరికి అది సరిపోదు. మీలాంటి వ్యాపారులు కార్పొరేషన్‌ను అడగాల్సింది వ్యాన్లు కాదు, పడకలు.

గాంధీరోడ్డు షాపు:
షెల్టర్‌కు పిలిచినా రానివాళ్ళను ఏం చేస్తారు?

ఎస్వీయూ బ్యాచ్:
ఎందుకు రారో చూడాలి. మగవాళ్ళ హాలులో భార్యాభర్తలకు చోటుండదు. రాత్రి రెండింటికి పని దిగినవాడికి గేటు తీయరు. సంచి పెట్టుకోవడానికి తాళం ఉండదు. ఫిన్లాండ్ 2008 నుంచి పద్ధతే మార్చింది. తాగుడు మానితేనే ఇల్లు అనకుండా, ముందు అద్దె ఇల్లు చూపించి తర్వాత వైద్యం మొదలుపెట్టారు. పదిహేనేళ్ళలో ఇల్లు లేనివాళ్ళ సంఖ్య సగానికి పైగా తగ్గింది. 2024లో మళ్ళీ కాస్త పెరిగిందనుకోండి.

గాంధీరోడ్డు షాపు:
ఫిన్లాండ్ ఎక్కడ, మనమెక్కడ?

ఎస్వీయూ బ్యాచ్:
డబ్బులో చాలా దూరం, నిజమే. జనంలో కాదు. వాళ్ళు దాదాపు 55 లక్షలు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా 2011లోనే 41 లక్షలు దాటింది.

గాంధీరోడ్డు షాపు:
సరే, షెల్టర్‌కు ఒప్పుకుంటున్నా. అసోసియేషన్‌లో మాట్లాడతాను కూడా. కానీ బజారులో కాదు, ఊరి బయట ఎక్కడైనా కట్టమనండి.

లా పాయింట్:
ఊరి బయటైతే వడ్డన మనిషి రాత్రి రెండింటికి ఎట్లా పోతాడు సార్? 1985లో బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. వాళ్ళు అక్కడ ఉండేది పని దగ్గర కాబట్టి, అక్కడినుంచి తీసేస్తే బతుకుతెరువు పోతుంది.

గాంధీరోడ్డు షాపు:
అయితే రుయా ఆస్పత్రి పక్కన పెట్టండి. పేషెంట్ల తాలూకు వాళ్ళకు కూడా పనికొస్తుంది. దానికి నేను సంతకం పెడతా.

నైట్ డ్యూటీ సిస్టర్:
నేనూ పెడతాను. ఆడవాళ్ళకు వేరే బాత్రూం, మందులకు తాళం ఉన్న చిన్న అర, ఈ రెండూ అర్జీలో రాయండి.

కొత్త మెంబర్ 88:
రుయా పక్కన అంటే మా వీధి అండి. ఇప్పటికే అంబులెన్సుల రొద. మా కాలనీ తరఫున మేం ఒప్పుకోం.